నడుముకు రివాల్వర్ కట్టుకుంటే ఖౌఫ్ పోతుందా?



చలికాలం వచ్చిందంటే నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖ వైపు మన ఘరానాల్లో లంబసింగి సైర్ మాట వస్తుంది. దాంతోపాటు ఈ మధ్య నౌజవానుల నోట ఇంకో మాట కూడా వినపడుతోంది. "రాత్రిపూట ఘాట్ రోడ్డు. బండిలో ఆడవాళ్లు, పిల్లలు. సంతకు వెళ్లొచ్చే రోజైతే జేబులో రోకడా. లైసెన్స్ తీసుకుని చిన్న రివాల్వర్ ఒకటి దగ్గర పెట్టుకుంటే తప్పేముంది? ఏది మంచిది?"

బట్టలు, గాజులు, గిన్నెలు మూటకట్టుకుని మన్యం సంతలకు వెళ్లే వాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల ఖౌఫ్ ఝూటా కాదు, దాన్ని మజాక్ చేయకూడదు. అందుకే సవాలును పక్కకు నెట్టకుండా జవాబు చెప్తాను.

ముందు సామాను సంగతి. మన దేశంలో సామాన్యుడికి 9 ఎంఎం వంటి నిషిద్ధ బోరు ఇవ్వరు. జేబులో పట్టే చిన్న తుపాకీ అంటే చాలావరకు .32 బోరు, లేదా .22. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014 జనవరిలో 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు సుమారు అర కిలో, ఆరు తూటాలు, అప్పటి ధర సుమారు 1.22 లక్షలు. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత ఔరతుల హిఫాజత్ కోసమని చెప్పి అమ్మారు. ఇషాపూర్ నుంచి 'నిడర్' అనే .22 వచ్చింది, ఇంకా తేలిక. రెండు పేర్లకూ మానీ ఒక్కటే, భయం లేని వాడు అని. లక్షకు పైగా పోసి కొనాల్సిన నిర్భయం ఏ గరీబ్ ఔరత్‌కు అందుతుందో మీరే సోచాయించండి.

రివాల్వర్‌లో ఒక ఖూబీ ఉంది. యంత్రం సాదా. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి గది తిరిగి వస్తుంది. అయితే దుకాణంలో చేతికి హాయిగా అనిపించే చిన్న సైజే పేల్చేటప్పుడు ముష్కిల్ అవుతుంది. బరువు తగ్గినకొద్దీ ఎదురుదెబ్బ పెరుగుతుంది. గొట్టం పొట్టిది కనుక గురిలో చిన్న తేడా వచ్చినా తూటా దూరం తప్పుతుంది. ట్రిగ్గర్ గట్టిగా లాగాలి, అప్పుడు చెయ్యి కదులుతుంది. నెలల తరబడి మష్క్ చేసిన వాడికే అది కాబూలో ఉంటుంది. ఏడాదికోసారి డబ్బా తెరిచి చూసుకునే వాడికి, పొగమంచులో, గుండె దడదడలాడుతుంటే, అది తన వాళ్ల మీదికే తిరిగే చీజ్.

ఇక కానూన్. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. 2016 నియమాల ప్రకారం శిక్షణ తీసుకోవాలి, ఇంట్లో భద్రంగా దాచుకుంటానని హామీ రాసివ్వాలి. బహిరంగ స్థలంలో పిస్తోలు, రివాల్వర్ ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి. అంటే దాచి మోయడం మన దగ్గర షౌక్ కాదు, హుకుం. బయటికి తీసి చూపించడమే నేరం. షాదీల్లో, జల్సాల్లో పేల్చడం సరే, పట్టుకుని తిరగడం కూడా మనా. 2019 సవరణ వచ్చాక ఖుషీ కాల్పులకు రెండేళ్ల దాకా ఖైదు, లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. లైసెన్స్ లేని తుపాకీ దొరికితే మామూలుగా రెండేళ్లకు తక్కువ కాకుండా శిక్ష. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్స్ ఉన్నవాళ్లను కూడా ఠాణాలో జమా చేయమంటారు.

కొందరు అంటారు, "మన్యం వేరు, అక్కడ తుపాకీ మామూలే కదా" అని. ఆ కొండల తారీఖ్ ఓసారి చూద్దాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే దారి పనిలో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులతో సరైన కూలీ ఇవ్వకుండా గొడ్డుచాకిరీ చేయించాడు. మనం ఏసీ కారులో ఎక్కే ఘాట్ వెనుక ఆ జుల్మ్ ఉంది. అడవిలోకి వెళ్లే హక్కు, పోడు కొట్టుకునే హక్కు కూడా పోయాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళం చేతికి వచ్చాయి. అది జేబు హిఫాజత్ కోసం జరిగింది కాదు, ఒక ఖౌమ్ మొత్తం ఇన్సాఫ్ కోసం లేచింది. దాన్ని మన నడుము ఒరకు మిసాల్‌గా తెచ్చుకోవడం బేఅదబీ.

నేటి మన్యంలో నాటు తుపాకులున్న మాట నిజమే. పంట మీద పడే అడవి పందుల కోసం పెట్టుకున్నవే ఎక్కువ. పోలీసులు పిలిచి అప్పగించమంటే ఎన్నో ఊళ్ల వాళ్లు తెచ్చి ఇచ్చారు. కొండ మనిషే దించేస్తున్న బరువును మనం కొని ఎత్తుకోవడం ఏం అక్ల్? గంజాయి రవాణా కారణంగా ఆ దారుల్లో తనిఖీలు మామూలు. సీటు కింద తుపాకీ, కాగితం ఇంట్లో ఉన్న వాడి సంగతి ఆలోచించండి. గడ్డం, టోపీ ఉన్న అబ్బాయి అయితే ఆ సవాళ్లు ఎంతసేపు సాగుతాయో మన ఘరానాలకు వేరే చెప్పనక్కర లేదు.

తుపాకీ దగ్గరుంటే జాన్ దక్కుతుందనే భరోసా కూడా కచ్చాదే. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను మావోయిస్టులు చంపారు. వాళ్ల వెంట శిక్షణ పొందిన అంగరక్షకులున్నారు. గుంపు చుట్టుముట్టినప్పుడు ఆ ఆయుధాలు వాళ్లను కాపాడలేదు. మన జేబులో ఆరు తూటాలు ఏం చేస్తాయి?

నన్ను ఎక్కువ పరేషాన్ చేసేది మాత్రం దొంగ కాదు, గుస్సా. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదా పెద్దవాళ్ల దాకా పాకింది. ఒక మునిసిపల్ మాజీ వైస్ చైర్మన్ లైసెన్స్ ఉన్న రివాల్వర్‌తో కాల్చాడు. గాయపడిన వారిలో ఒకరు ఆసుపత్రిలో చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు యావజ్జీవ ఖైదు వేసింది. లైసెన్స్ ఇచ్చేటప్పుడు కాగితాలన్నీ సరిగ్గానే ఉండి ఉంటాయి. కాల్చిన వాడు మనవాడే, పోయినవాడూ మనవాడే. రెండు ఇళ్లు ఉజడిపోయాయి. ఆ రోజు నడుముకు ఏమీ లేకపోతే నాలుగు తిట్లు, ఒక పంచాయతీతో పోయేది.

ఆత్మరక్షణ హక్కు కానూన్‌లో ఉంది, కాదనను. దానికి హద్దు కూడా ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసు సాయం అందే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. ఆ హద్దు ఎక్కడో రెండు సెకన్లలో మీరు ఫైసలా చేస్తారు, జడ్జి ఏళ్ల తరబడి చూస్తాడు.

లంబసింగి దారిలో ఖత్రా లేదని కాదు. అసలు ఖత్రా వేరు. తెల్లవారుజామున పొగమంచులో ఎదుటి బండి కనపడదు. చలికి గుడారం మూసేసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఆ గాలి నిద్రలోనే జాన్ తీస్తుంది. వీటిని ఏ రివాల్వర్ ఆపుతుంది? చీకటి పడకముందే ఘాట్ ఎక్కండి, లేదా నర్సీపట్నంలో రాత్రి ఆగండి. సంత డబ్బు మోయకుండా వీలైనంత ఫోన్‌లోనే తీసుకోండి, మిగిలింది ఇద్దరు ముగ్గురు కలిసి దించండి. 112 నంబరు అమ్మీకి, ఆపాకు, పిల్లలకు కూడా నోటికి రావాలి. కొండ మీద సిగ్నల్ నమ్మలేం కనుక ఎప్పుడు బయల్దేరారో, ఎప్పటికి చేరతారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇంతా విన్నాక కూడా ఎవరికైనా నిజమైన ధమ్కీ ఉంటే, పేరు పెట్టి చంపుతామంటున్న వాళ్లుంటే, ముందు ఠాణాలో రాసివ్వండి. తర్వాత లైసెన్స్ అడగండి. వస్తే శిక్షణ తీసుకోండి, తాళం ఉన్న పెట్టె కొనండి, తూటాలు వేరే చోట పెట్టండి. ఇంట్లో పిల్లలున్నా, మందు తాగే వాడున్నా, మనసు బాగాలేని వాడున్నా ఆ ఖయాల్ అక్కడే వదిలేయండి. బీరువా తాళం ఎక్కడుంటుందో పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

కాబట్టి "ఏది మంచిది?" అన్న నౌజవానుకు నా మష్వరా ఇది. తమ్ముడూ, ఆ లక్షకు పైగా రూపాయలతో బండికి మంచి టైర్లు, పొగమంచు దీపాలు వేయించు. మిగిలింది చెల్లెలి ఫీజుకు కట్టు. లంబసింగి వెళ్లిరా, ఖాళీ జేబుతో వెళ్లిరా. నీ ఇంటివాళ్లు నువ్వు జల్దీ తిరిగి రావాలని చూస్తారు, తుపాకీతో రావాలని కాదు.