ఎవరిదీ సైటు?

కంపెనీ ఇంట్రానెట్ గురించి ఏ ఉద్యోగిని కదిలించినా వచ్చే మాట ఒకటే: "అందులో ఏదీ దొరకదండీ." సెలవుల పాలసీ కోసం వెతికితే కొత్తది ఎక్కడో అడుగున ఉంటుంది, ఎప్పుడో రద్దయిన పీడీఎఫ్ పైకి తేలుతుంది. ఒకే డిపార్ట్‌మెంట్‌కి మూడు సైట్లు కనిపిస్తాయి. మూడింటిలోనూ "వెల్‌కమ్ టు యువర్ సైట్" అన్న పలకరింపు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడల్లా మా షేర్‌పాయింట్ అడ్మిన్ల దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. యూజర్లకి వాడటం రాదు, డిపార్ట్‌మెంట్ల వాళ్లు అప్‌డేట్ చెయ్యరు, పైవాళ్లకి పట్టదు. ఇవేవీ అబద్ధాలు కావు. కాకపోతే ఆ సైట్లను పుట్టించింది మేమే. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కూర్చుని, అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న కంపెనీల ఇంట్రానెట్లను రాత్రి షిఫ్టుల్లో నడిపినవాళ్లం. సైట్లు పాడుబడ్డాయంటే మొదటి సంజాయిషీ మేమే ఇచ్చుకోవాలి. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు.

ఈ పనిలో లేనివాళ్లకి కొంచెం నేపథ్యం. షేర్‌పాయింట్ మైక్రోసాఫ్ట్ వారిది. చాలా కంపెనీల్లో లోపలి సైట్లు, ఫైళ్లు, ఫారాలు దాని మీదే ఉంటాయి. 2007 వెర్షన్ రోజుల్లో దాన్ని కమాండ్ లైను నుంచి నడపాలంటే ఎస్‌టీఎస్‌ఏడీఎం అనే పనిముట్టే దిక్కు. 2010 వెర్షన్‌తో పవర్‌షెల్ చేతికొచ్చింది, ఒక్క షేర్‌పాయింట్ కోసమే ఐదొందలకు పైగా కమాండ్లతో. అసలు పవర్‌షెల్ 2006 నవంబరులోనే విడుదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2002లో, దాని రూపకర్త జెఫ్రీ స్నోవర్ 'మోనాడ్ మేనిఫెస్టో' పేరుతో ఆ ఆలోచనని కాగితం మీద పెట్టాడు. మౌసుతో వందసార్లు నొక్కే పనిని అక్షరాల్లో రాసిపెడితే మళ్లీ మళ్లీ నడపొచ్చు. పక్కవాడు చదివి తప్పు పట్టొచ్చు. ఏం చేశామో ఆరు నెలల తర్వాత కూడా తెలుస్తుంది. స్క్రిప్టు వల్ల ఇన్ని లాభాలుంటే మేము మొదటిదే తీసుకున్నాం. మళ్లీ మళ్లీ నడిపాం.

మాలో చాలామందికి ఈ విద్య అబ్బింది అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో, గోడకి ఆనుకుని నిలబడి కూడా క్లాసు విన్నవాళ్లం. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ మెటీరియల్‌లో ముందు న్యూ-ఎస్‌పీసైట్, తర్వాత న్యూ-ఎస్‌పీవెబ్, ఆ తర్వాత బ్యాకప్, రీస్టోర్. చివరి పేజీల్లో ఇంటర్వ్యూ ప్రశ్నలు. సైట్ కలెక్షన్‌కి సబ్‌సైట్‌కి తేడా ఏమిటి? లిస్టులో ఐదువేల ఐటమ్స్ దాటితే ఏమవుతుంది? బట్టీ పట్టాం, చెప్పాం, ఉద్యోగం కొట్టాం. నేర్పిన సార్లని తప్పుపట్టను, రెండు నెలల్లో మనిషిని ఉద్యోగానికి తయారుచెయ్యమంటే ఎవరైనా అంతే నేర్పుతారు. అయితే సైటుని ఎప్పుడు మూసెయ్యాలి, ఎవరినడిగి మూసెయ్యాలి అన్న ప్రశ్న ఆ పుస్తకంలో లేదు. తర్వాత మేమే ప్యానెల్లో కూర్చుని ఇంటర్వ్యూలు చేశాం. అప్పుడు కూడా ఐదువేల ఐటమ్స్ గురించే అడిగాం.

ఇక అసలు పనిలోకి వెళ్దాం. క్లయింటు దగ్గర్నుంచి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేసుకుంటాం. సైటు పేరు, అడ్రసు, టెంప్లేటు, ఓనరు అని కాలమ్‌లు ఉంటాయి. ఫర్-ఈచ్ లూపు ఒకటి రాసి, ఒక్కో వరుసకి ఒక్కో సైటు పుట్టేలా పెడతాం. టెంప్లేటు కాలమ్‌లో ఏం పెట్టాలో క్లయింటుకి తెలియదు, మేము అడగం. ఎస్‌టీఎస్ హ్యాష్ జీరో అని, మామూలు టీమ్ సైటు టెంప్లేటు, అన్నిటికీ అదే. లైబ్రరీకి అదే, లీగల్‌కి అదే, క్యాంటీన్ కమిటీకీ అదే. టీ తాగి వచ్చేసరికి సైట్లన్నీ లేచి ఉంటాయి. మేనేజరు మెయిల్లో "గుడ్ జాబ్ టీమ్" అంటాడు.

ఓనరు కాలమ్ మాత్రం చాలాసార్లు ఖాళీగా వచ్చేది. అక్కడ కమాండు ఆగుతుంది. సైటు పుట్టించే కమాండుకి ఓనరు పేరు తప్పనిసరి. పాత సర్వర్‌లో దాన్ని ఓనర్-ఏలియాస్ అనేవారు, ఇప్పటి ఆన్‌లైన్ వెర్షన్‌లో ఓనర్. పేరు ఇవ్వకపోతే పవర్‌షెల్ నీలం తెర మీద ఆ మాట రాసి, కోలన్ పెట్టి, కర్సరు కొట్టుకుంటూ కూర్చుంటుంది. మొత్తం వ్యవహారంలో 'ఇది ఎవరిది' అని నిలదీసింది అదొక్కటే. క్లయింటు అడగలేదు, మా లీడు అడగలేదు, మాకు తోచలేదు. దానికి మేమేం జవాబిచ్చాం? సర్వీస్ అకౌంటు పేరు ఇచ్చాం. స్క్రిప్టులు నడపడానికి పెట్టుకున్న, మనిషి లేని అకౌంటు అది. డిపార్ట్‌మెంట్‌కి మెయిలు పెట్టి, వాళ్ల హెడ్డు ఎవరో కనుక్కుని, ఆయన ఒప్పుకునేదాకా ఆగితే ఆ పనికి వేసిన టికెట్ గడువు దాటిపోతుంది. గడువు దాటితే డాష్‌బోర్డులో ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు కనపడకుండా ఉండటానికి వేల సైట్లకి దిక్కులేకుండా చేశాం.

శంషాబాద్ దాటాక రోడ్డుకిరువైపులా వెంచర్లు కనిపిస్తాయి చూడండి, ఆర్చీ ఉంటుంది, నంబరు రాళ్లు పాతి ఉంటాయి, వీధులకి పేర్లు కూడా ఉంటాయి, ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. మేము వేసిన ఇంట్రానెట్లు చాలావరకు అవే.

ఆడిట్ అన్నప్పుడు ఇంకో ఘనకార్యం చేశాం. మొత్తం సైట్లెన్ని, ఎవరికి ఏ హక్కులున్నాయి అని రిపోర్టు అడుగుతారు. గెట్-ఎస్‌పీసైట్ అని కొడితే జాబితా వస్తుంది. అయితే ఆ కమాండు విడిగా చెప్పకపోతే మొదటి 200 సైట్లే ఇస్తుంది. మొత్తం కావాలంటే లిమిట్-ఆల్ అని రాయాలి. ఆన్‌లైన్ వెర్షన్‌దీ అదే తీరు. ఇంకా ఉన్నాయి, చూపించలేదు అని పసుపు అక్షరాల్లో హెచ్చరిక కూడా వస్తుంది. తెర ముందు మనిషి ఉంటే కనిపిస్తుంది. మేము దాన్ని టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించి, అర్ధరాత్రి నడిచి, ఫలితం నేరుగా సీఎస్‌వీలో పడేలా పెట్టాం. పసుపు అక్షరాలు ఎవరూ లేని గదిలో పడి ఆరిపోయేవి. ప్రతి నెలా సరిగ్గా 200 వరుసలున్న రిపోర్టు వెళ్లేది. కంపెనీ పెరుగుతోంది, మనుషులు పెరుగుతున్నారు, సైట్లు మాత్రం నెలనెలా రెండొందలే! అంత గుండ్రటి అంకె చూసి మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. వచ్చినా, పైకి పంపిన పాత రిపోర్టులన్నీ తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందని నోరు మెదపలేదు. ఈ రెండో రకం ఎక్కువమంది అనే నా నమ్మకం.

ఎర్ర అక్షరాల సంగతీ అంతే. కమాండు తప్పితే పవర్‌షెల్ ఎర్రగా చెబుతుంది. చివర్లో ఎర్రర్-యాక్షన్ అని రాసి, పక్కన సైలెంట్లీ-కంటిన్యూ అని పెడితే నోరు మూసుకుని ముందుకు పోతుంది. కొన్నిచోట్ల దాని అవసరం నిజంగా ఉంది. మేము ప్రతి లైనుకీ తగిలించాం. స్క్రిప్టు శుభ్రంగా నడిచినట్టు కనిపిస్తే చాలనుకున్నాం.

హక్కుల విషయంలో చేసిందానికి మాత్రం ఇంకా మూల్యం చెల్లిస్తున్నాం, చెల్లించేది మేము కూడా కాదు. ఎవరికో సైటు తెరుచుకోదు, 'యాక్సెస్ డినైడ్' అని టికెట్ వేస్తారు. ఆ మనిషి ఏ గ్రూపులో ఉండాలో వెతికి, సైటు ఓనరుని అడిగి ఇవ్వడం సరైన పద్ధతి. ఓనరు సర్వీస్ అకౌంటాయె, ఎవరినడుగుతాం? 'ఎవ్రీవన్ ఎక్సెప్ట్ ఎక్స్‌టర్నల్ యూజర్స్' అని ఒక గ్రూపుంది. బయటివాళ్లు తప్ప కంపెనీలో అందరూ అందులో ఉన్నట్టే. దాన్ని తగిలిస్తే టికెట్ క్షణంలో క్లోజు. అదీ ఒక లైనే. మంచి పని కదా అని లూపులో పెట్టి వరసగా అన్ని సైట్లకీ ఇచ్చినవాళ్లున్నారు. ఆ సైటు అడ్రసు ఎవరికి తెలుసులే, ఎవరు వెళ్లి చూస్తారులే అన్నది ధైర్యం.

2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ కంపెనీల చేతికి వచ్చింది. దానికి అడ్రసులు తెలియక్కర్లేదు. అడిగిన ఉద్యోగికి ఏ ఫైళ్లు చూసే హక్కుందో వాటన్నిటినీ వెతికి, మామూలు మాటల్లో జవాబు చెబుతుంది. జీతాల పెంపు గురించి అడిగితే, ఎప్పుడో అందరికీ తెరిచిపెట్టిన సైట్లో మర్చిపోయిన జీతాల షీటు నుంచి జవాబు రావొచ్చు. అది తాళాలు పగలగొట్టలేదు, మేము వెయ్యని తలుపులు తోసుకుని వెళ్లిందంతే. 2024లో మైక్రోసాఫ్ట్ 'రిస్ట్రిక్టెడ్ షేర్‌పాయింట్ సెర్చ్' అని ఒక ఏర్పాటు తెచ్చింది. కంపెనీ ఎంచి ఇచ్చిన సైట్లలోనే, వంద దాకా, కంపెనీ మొత్తానికి వెతుకులాట సాగుతుంది. ఆ వంద ఎంచమని మమ్మల్నడిగారు. ఏ వంద సైట్లు పనికొచ్చేవో, ఎవరివో, వాటిని కట్టిన మాకే తెలియలేదు.

పనికిరాని సైట్లు తీసెయ్యొచ్చు కదా అంటారు. మా దగ్గర దానికీ ఒక సాకుంది. 2010 వెర్షన్ కొత్తల్లో సైట్ కలెక్షన్ డిలీట్ చేస్తే పోయినట్టే, రీసైకిల్ బిన్ 2011లో సర్వీస్ ప్యాక్ 1తో గానీ రాలేదు. ఆ రోజుల్లో ఎవడో తప్పు సైటు తీసేసి, రాత్రంతా బ్యాకప్‌తో కుస్తీ పట్టిన కథలు ప్రతి టీములోనూ ఉన్నాయి. ఆ భయం నిజం. కానీ ఆన్‌లైన్‌లో తీసేసిన సైటు 93 రోజులు బిన్‌లో ఉంటుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. తీసేస్తే ఏమవుతుందో ముందే చెప్పే వాట్-ఇఫ్ అనే స్విచ్ ఆ కమాండుకి ఉండనే ఉంది. భయం కారణాలు పోయాక కూడా భయాన్ని అట్టే పెట్టుకున్నాం. సైటు పుట్టిస్తే టికెట్టు, తీసేస్తే ఏ టికెట్టూ లేదు మరి.

మాలో కొందరం ఇక్కడి కంపెనీలకే పనిచేశాం. పాశమైలారం, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీలు, పనివాళ్లలో చాలామందికి తెలుగు తప్ప వేరే చదవడం రాదు. షేర్‌పాయింట్ పేజీలో తెలుగు రాయడానికి ఏ అడ్డూ లేదు. అయినా భాష దగ్గర 1033 అని, అంటే అమెరికా ఇంగ్లిష్ అని కొట్టి, సేఫ్టీ సర్క్యులర్‌ని ఇంగ్లిష్‌లోనే ఎక్కించి, యాసిడ్ డ్రమ్ముల దగ్గర పనిచేసేవాళ్లకి అందుబాటులో పెట్టామని రిపోర్టు రాశాం. క్లయింటు అమెరికావాడైతే ఆ అంకెకి అర్థముంది. ఇక్కడ అది వట్టి అలవాటు.

స్క్రిప్టుల సంగతి చెప్పకపోతే అన్యాయం. షేర్డ్ ఫోల్డర్లో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'వాడొద్దు' అన్న పేర్లతో పడుంటాయి, 'వాడొద్దు' అన్నదే ప్రొడక్షన్లో నడుస్తుంటుంది. లోపల పాస్‌వర్డు విప్పి రాసి ఉంటుంది. రాసినవాడు ఆన్‌సైటుకో, జీతం పెంచిన కంపెనీకో వెళ్లిపోతాడు. వెళ్లేముందు పని అప్పగించే కేటీ అంటే అర్ధగంట కాల్, అందులోనూ సగం "స్క్రీన్ కనిపిస్తోందా" అనడంతోనే సరి. మేము ఎక్కువగా వాడిన పీఎన్‌పీ పవర్‌షెల్, కొందరు స్వచ్ఛందంగా ఓపెన్ సోర్సుగా నిలబెట్టింది. లాగిన్ కోసం అందరికీ కలిపి వాళ్లు పెట్టిన యాప్‌ని, భద్రత కోసం, 2024 సెప్టెంబరు 9న తీసేశారు. ముందే ప్రకటించారు, ఎవరి యాప్ వాళ్లు రిజిస్టర్ చేసుకోమన్నారు. మేము చదవలేదు. రాత్రి జాబులు ఆగిపోయాయి. కొన్నిటి విషయం వారాల తర్వాత గానీ తెలియలేదు, ఎందుకంటే వాటి ఫలితం కోసం ఎదురుచూసేవాళ్లే లేరు.

2025 జూలైలో సొంత సర్వర్ల మీద నడిచే షేర్‌పాయింట్‌కి 'టూల్‌షెల్' దాడి వచ్చింది. అర్జెంటుగా ప్యాచ్ వెయ్యాలి, వేశాక మెషీన్ కీలు కూడా మార్చాలి, లేకపోతే కీలు ముందే ఎత్తుకెళ్లినవాడు ప్యాచ్ తర్వాతా లోపలికి రాగలడు. ఆ రాత్రి కాల్‌లో మొదటి గంట ప్యాచ్ గురించి నడవలేదు. సర్వర్లెన్ని, అందులో ఇంటర్నెట్‌కి తెరిచినవేవి అన్న దగ్గరే నడిచింది.

బిల్లింగు టికెట్ల లెక్కన ఉంటే మీరేం చేస్తారని మామీద జాలిపడేవాళ్లుంటారు. ఒప్పుకుంటాను, కొంతవరకే. ఓనరు పేరడుగుతూ ఒక్క మెయిలు పెట్టి, టికెట్‌ని 'యూజర్ జవాబు కోసం' అన్న స్టేటస్‌లో ఉంచితే గడువు గడియారం ఆగుతుంది. ఆ సంగతి మాకందరికీ తెలుసు. శుక్రవారం సాయంత్రం తొందరగా వెళ్లాల్సినప్పుడు వాడుకున్నాం కూడా.

ఇప్పుడు టీములోకి వచ్చే పిల్లలు స్క్రిప్టులు చేత్తో రాయరు, కోపైలట్‌నో ఇంకోదాన్నో అడుగుతారు. మొన్న ఒక కుర్రాడు అలా రాయించిన సైట్ల స్క్రిప్టు రివ్యూకి పంపాడు. చూడముచ్చటగా ఉంది, కామెంట్లు కూడా ఉన్నాయి. ప్రతి కమాండు చివరా సైలెంట్లీ-కంటిన్యూ ఉంది. ఓనరు దగ్గర ఒక సర్వీస్ అకౌంటు పేరు నమూనాగా ఉంది. అది మేమంతా ఇన్నేళ్లూ రాసిపారేసినవి చదివే నేర్చుకుని ఉంటుంది. "ఇవెందుకురా?" అని అడిగితే "అలాగే ఇస్తుందన్నా, మార్చమంటారా?" అన్నాడు. టికెట్ గడువు ఆ సాయంత్రానికే ఉంది. వచ్చే రిలీజులో మారుద్దామని చెప్పి, ముగ్గురం అప్రూవ్ చేశాం.