పట్టభద్రునకు త్రోవ చూపువారెవరు?

ఆర్మూరు, ఆలూరు ప్రాంతముల రైతు పసుపుపంటకై ఎనిమిది తొమ్మిది మాసములు శ్రమించును. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి, కొమ్మును గోళను వేరుచేసి నిజామాబాదు మార్కెటుయార్డునకు చేర్చును. ధర యెరుగనివాడు మోసపోవునని తెలిసినవాడు గనుక సరకు కదలకముందే నాలుగుచోట్ల వాకబు చేయును. 2016లో ఆ యార్డు ఈ-నామ్ అను అఖిలభారత విపణిలో చేరినది. దూరదేశపు వర్తకుడును అందు బేరము పలుకవచ్చును. ఆ రైతే ఆ పసుపు సొమ్ముతో బిడ్డలను పదునైదేండ్లు చదివించును. చదువు ముగిసిననాడు ఆ పట్టమునకు ఎచ్చట గిరాకి కలదో, అది ఏ పైచదువునకు పనికివచ్చునో విచారించుటకు ఆయనకు నమ్మదగిన చోటు లేదు. పసుపునకున్నపాటి విచారణస్థానము చదువునకు లేకుండుట సామాన్యమైన లోపము కాదు.

విద్యార్థికి త్రోవ చూపుట విద్యాపీఠముల ధర్మమనుట క్రొత్తమాట కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము 1892లోనే ఇందుకొక సంఘమును నియమించినది. మనదేశమున యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకై 1945లో ఉపాధికార్యాలయములు వెలసి, 1948లో అందరికిని తెరువబడినవి. ఖాళీలను ఆ కార్యాలయములకు తెలుపవలెనని 1959లో చట్టమును వచ్చినది. కాని వాని ద్వారముననే పూరింపవలెనని ఆ చట్టము నిర్బంధింపలేదు. పట్టికలో పేరుండుట వేరు, పని దొరకుట వేరు అని రెండు తరములవారు అనుభవముచే నేర్చుకొనిరి.

మన జిల్లాకు 2006లో డిచ్‌పల్లియందు తెలంగాణ విశ్వవిద్యాలయము లభించినది. ఆర్మూరును ఆ ఊరును కలుపునది ఒకే జాతీయరహదారి. యువకులకు నైపుణ్యము గరపుటకై రాష్ట్రప్రభుత్వము 2014లో టాస్క్ అను సంస్థను, 2024లో యంగ్ ఇండియా నైపుణ్య విశ్వవిద్యాలయమును నెలకొల్పినది. ఈ ప్రయత్నములను మేము హర్షింతుము. అయినను కళాశాలలలో ప్లేస్‌మెంటు సెల్లు అనినంతనే కంపెనీలవారు వచ్చి ఇంజనీరింగు విద్యార్థులలో కొందరిని ఏరుకొనిపోవుటయే స్ఫురించుచున్నది. ఎన్నుకొనబడినవారి ఛాయాచిత్రములు గోడల కెక్కును. తాలూకా పట్టణమున బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదివి ఎన్నుకొనబడనివారి సంగతి యేమి? మార్గదర్శనము ముఖ్యముగా కావలసినది వారికే కదా!

విద్యాపీఠము మౌనము వహించినచోట దళారి నోరు విప్పును. గల్ఫునకు పంపెదనని ఒకడు, అమెరికాలో సీటిప్పించెదనని మరియొకడు వాకిట నిలుచును. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినపుడు చిక్కుబడిన విద్యార్థులలో అధికసంఖ్యాకులు తెలుగువారు. కొందరి కాళ్లకు రేడియోపట్టీలు తగిలించిన సంగతి పాఠకులు మరచియుండరు. ఫార్మింగ్టన్ పేరిట అమెరికా అధికారులే బూటకపు విశ్వవిద్యాలయమును సృష్టించి వల పన్నగా, 2019లో మొదట నిర్బంధింపబడినవారిలో 129 మంది భారతీయులు. చిక్కినవారందరు అమాయకులని మేమనము. కాని బయలుదేరుటకు ముందే ఆ విద్యాలయమున తరగతులు జరుగునా, ఆ ఏజెంటు 1983 నాటి వలసచట్టము క్రింద నమోదైనవాడా, పొలము తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు ఏ జీతముతో తీరును అని అడిగి చెప్పు కార్యాలయమొకటి ఊరిదగ్గర నుండినచో, కొన్ని కుటుంబములైనను గండమునుండి తప్పియుండెడివి. అర్హులైన షెడ్యూల్డు కులముల విద్యార్థులకు విదేశవిద్యకై రాష్ట్రప్రభుత్వము అంబేడ్కర్ విద్యానిధినుండి 20 లక్షల రూపాయలవరకు ఇచ్చుననియు, దరఖాస్తు ఎప్పుడు ఎట్లు చేయవలెననియు చెప్పవలసినది ఆ కార్యాలయమే.

విద్యయొక్క పరమార్థము జ్ఞానముగాని కొలువు కాదనియు, విశ్వవిద్యాలయము ఉద్యోగముల అంగడి కారాదనియు కొందరు పెద్దలు వాదింతురు. మాట ఉదాత్తమైనదే. అయితే ఆకలిగొన్నవానికి ఉదాత్తవాక్యములు పథ్యము కావు. మార్గము చూపుటయు జ్ఞానదానమే. కొలువు ఇప్పింపుమని మేము కోరుటలేదు; ఉన్న కొలువును, ఉన్న పైచదువును, ఉన్న అపాయమును దాపరికము లేక తెలుపుమని మాత్రమే కోరుచున్నాము.

కర్తవ్యము స్పష్టము. ఆర్మూరు ప్రభుత్వ డిగ్రీ కళాశాల మొదలుకొని ప్రతి కళాశాలయందును ఈ పనికే నియుక్తుడైన, విషయజ్ఞానముగల ఉద్యోగి యొకరుండవలెను. ఉన్న అధ్యాపకుని నెత్తిన అదనపు భారముగా మోపిన పని నెరవేరదు. ప్రతి సంవత్సరము ఉత్తీర్ణులైనవారెందరు, పనిలో చేరినవారెందరు, ఏ జీతమునకు, పైచదువులకు పోయినవారెందరు, ఏ దారియు లేక మిగిలినవారెందరు అను లెక్కను విశ్వవిద్యాలయము ప్రకటింపవలెను. ఆ చివరి అంకెను దాచినచో తక్కిన అంకెలకు విలువ లేదు. ఇక స్థానికావకాశముల మాట. 2025లో జాతీయ పసుపుబోర్డు నిజామాబాదు కేంద్రముగా ఏర్పడినది. పసుపులోని కుర్కుమిన్ పాలును పరీక్షించుటకు రసాయనశాస్త్రజ్ఞులును, ఎగుమతి పత్రములు సిద్ధపరచుటకు వాణిజ్యపట్టభద్రులును కావలెను. ఆ పనులకు మన బిడ్డలను తీర్చుటకై బోర్డును విశ్వవిద్యాలయమును ఇప్పుడే కలిసి యోచింపవలెను. లేనియెడల పసుపు మనది, పని పరులది యగును.

ఈ ప్రాంతపు రైతులు పసుపుధరకై 2019 ఎన్నికలలో స్వయముగా నామినేషన్లు వేసి, నిజామాబాదు లోక్‌సభ స్థానమున అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చి, దేశము దృష్టి నాకర్షించిరి. బిడ్డల చదువు విషయమునను ఆ పట్టుదల చూపుట న్యాయము. తండ్రులు కళాశాల వాకిట నిలిచి ఆ లెక్క యడిగిననాడు అధికారులు సమాధానము చెప్పక తప్పదు.