బిడ్డను అదిమి పట్టి కటింగు చేయించుడు ఇంకెన్నాళ్లు?

నీళ్లు, నిధులు, నియామకాల గురించి రాసే పత్రికల పిల్లగాండ్ల కటింగు ముచ్చటేందని కొందరికి అనిపిస్తది. అనిపించనీ. తెలంగాణ అంటే మ్యాపు మీద గీసిన గీత కాదు, ఇక్కడ బతికే ప్రతి మనిషి ఆత్మగౌరవం అని మనం ఏండ్లకేండ్లు ఊరూరా చెప్పుకుంట తిరిగినం. ఆ మనుషులల్ల ఇంకా మాట రాని ఐదేండ్ల పిల్లగాడు కూడా వున్నడు. కటింగు షాపు గడప కాడనే కింద పడి పొర్లుతున్న ఆటిజం బిడ్డ కూడా వున్నది. వాళ్ల ఆత్మగౌరవం ఎవరి లెక్కల రాయాలె?

ఆ షాపుల ఏం జరుగుతదో అందరికీ ఎరికే. నాయిన చేతులు పట్టుకుంటడు, మేనమామ కాళ్లు పట్టుకుంటడు, షాపాయన ఒక చేత్తోని తల అదిమి ఇంకో చేత్తోని మిషిన్ పెడ్తడు. పిల్లగాడు గుక్క పట్టి ఏడుస్తడు. బెంచీ మీద కూసున్నోళ్లు తలా ఒక మాట అంటరు. మొండోడంటరు, గారాబం ఎక్కువైందంటరు, గాలి సోకిందంటరు. తల్లి మాత్రం బయట నిలబడి కొంగు నోట్లె కుక్కుకుంటది. కటింగు పది నిమిషాలల్ల అయిపోతది. ఆ భయం మాత్రం ఏండ్లు వుంటది.

ఇది మొండితనం కాదు. ఆటిజం వున్న చానామంది పిల్లలకు చప్పుడు, తాకుడు, వాసన మనకు తెలిసినంతల వుండవు. మనకు జుయ్యిమనే మిషిన్ వాళ్లకు చెవుల దూరిన తుమ్మెద లెక్క. మెడ చుట్టూ బిగించే నైలాన్ బట్ట, మొఖం మీద కొట్టే నీళ్లు, కాలర్ల పడి గుచ్చుకునే వెంట్రుకలు, పౌడరు వాసన, ఎదురుంగ అద్దం, ఎన్కనుంచి తెలువని మనిషి చెయ్యి. ఇవన్నీ ఒక్కసారే మీద పడ్తయి. ఎప్పుడు అయిపోతదో చెప్పేటోడు లేడు. అసొంటప్పుడు ఎవరైనా కొట్లాడ్తరు.

ఇంకో సంగతి. మన దగ్గర పుట్టు వెంట్రుకలు ఎక్కువగా ఏడాదికో మూడో ఏటనో తీయిస్తరు. వేములవాడ రాజన్నకో, కొమురెల్లి మల్లన్నకో మొక్కు వుంటది. ఆటిజం గుర్తులు మూడేండ్లలోపే కనపడుతయి గని, దాని పేరు తల్లిదండ్రుల చెవిన పడేసరికి చానా ఆలస్యమైతది. అంటే పేరు తెలువకముందే ఆ బిడ్డ జాతర గుంపుల, డోలు చప్పుడు మధ్యన, కత్తి కింద తల పెట్టి వుంటడు. మొక్కును మేము తప్పు పడ్తలేము. షాపుల మొదటి కటింగుకు వచ్చిన పిల్లగాడు కొత్తగ భయపడుతలేడు, పాత భయం మోసుకొని వచ్చిండని మాత్రం అంటున్నం.

మరి ఏం చేయాలె? కటింగుకు పదిహేను రోజుల ముందుగాలనే ఇంట్ల పని మొదలుపెట్టాలె. రోజూ ఒక్క నిమిషం మెడకు తువ్వాల చుట్టి తీసేయాలె. మిషిన్ వుంటే మొదలు పక్క అర్రల ఆన్ చేయాలె, తర్వాత గడప కాడ, తర్వాత వాని అరచేతికి ఆనించాలె. బొమ్మకు కటింగు చేయనియ్యాలె. నాయిన కటింగుకు పోయినప్పుడు వాన్ని పక్కన కూసోబెట్టుకొని చూడనియ్యాలె. షాపు తలుపు, కుర్సీ, బట్ట, కత్తెర, దువ్వెన, ఆఖరుకు వానికి ఇష్టమైన బిస్కిట్ పుడ, వీటన్నిటినీ సెల్‌ఫోన్ల ఫోటోలు తీసి ఒక నోటుబుక్కుల వరుసగ అతికించాలె. మాట అందని పిల్లలకు బొమ్మ అందుతది. ముందు ఇది, తర్వాత అది, ఆఖరుకు ఇల్లు అని రోజూ చూపెట్టాలె.

అబద్ధం మాత్రం ఆడొద్దు. ఐస్‌క్రీం కొనిస్తనని తీస్కపోయి కుర్సీల కూసోబెడితే, రేపు నిజంగ ఐస్‌క్రీంకు పిలిచినా ఆ బిడ్డ రాడు. నొప్పి కాదని కూడా అనొద్దు. కొందరికి అది నిజంగనే నొప్పి. పది లెక్కపెట్టేదాంక కత్తెర, తర్వాత ఆపుతం అని చెప్పాలె, చెప్పినట్టు ఆపాలె.

ఆ తర్వాత షాపు. మన ఊర్లల్ల మంగళవారం కటింగు చేయించుకోరు, చానా షాపులు బందు వుంటయి. మాకైతే అదే మంచి రోజనిపిస్తది. షాపాయనను బతిమిలాడి ఒక అరగంట తెరిపియ్యాలె. మొదటి మంగళవారం కుర్సీల కూసొని లేస్తే సాలు. రెండోసారి పిల్లల చెక్క మీద కూసొని బట్ట కప్పుకుంటే సాలు. కత్తెర మూడోసారికి. ఆదివారం పొద్దున రద్దీల మాత్రం తీస్కపోవద్దు. అసలు కటింగు రోజు పిల్లగాడు కడుపునిండ తిని, నిద్ర తీరి వుండాలె. ఇంటి నుంచి మెత్తటి నూలు బట్ట, ఇంకో అంగీ తీస్కపోవాలె. టీవీ బందు పెట్టాలె, ఫ్యాన్ తగ్గియ్యాలె. నీళ్లు కొట్టొద్దు, మెడ మీద బ్లేడు పెట్టొద్దు. తల్లో తండ్రో ఒళ్లె కూసోబెట్టుకోవచ్చు. వాడు ఇగ సాలంటే సాలు. సగం కటింగుతోని బయటికొస్తే వాడకట్టు నవ్వుతది. నవ్వనీ, మిగిలిన సగం వచ్చే వారం.

రాత్రి నిద్రల కత్తిరిచ్చే తల్లులు వున్నరు. వాళ్లను తప్పుపట్టే హక్కు మాకు లేదు, వేరే తొవ్వ ఎవరు చూపెట్టిన్రు గనుక? కాని నిద్రల పిల్లగాడు తల తిప్పితే కత్తెర ఎటు పోతదో తెలువది.

షాపాయన సంగతి కూడా మాట్లాడాలె. హైదరాబాద్ల కారు బొమ్మ కుర్సీలు పెట్టిన పిల్లల సెలూన్లు వున్నయి, డబ్బులున్నోళ్లు పోతరు. మేము ఊరి నాయీ బ్రాహ్మణ అన్ననే నమ్ముతం. ఒకప్పుడు ఆయనే ఇంటికొచ్చి అరుగు మీద సవరం చేసేటోడు, పిల్లలందరి తలకాయలు ఆయన చేతికి ఎరికే. అట్లని ఆ కాలాన్ని మెచ్చుకుంటలేము. పంట మీద ఇచ్చే మేరకు ఏడాదంతా ఎదురుచూపిచ్చి, కులం పేరునే తిట్టుగ వాడిన కాలం అది. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద కుర్సీ ఏసి సవరం చేసి నిరసన తెలిపిన మనుషులు వాళ్లు. ఒక్క పిల్లగాని కోసం అరగంట ఆగుమంటే ఆయనకు ఇద్దరు గిరాకీలు పోతయి. ఆ అరగంట కూలి కట్టియ్యాలె, ఊకెనే చేయుమనొద్దు. 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చిన సర్కారుకు, ఈ బిడ్డల తల ఎట్ల ముట్టాలెనో రెండు రోజులు శిక్షణ ఇచ్చుడు భారమా?

సర్కారు మాట వచ్చింది గనుక అడుగుతున్నం. 1995 వికలాంగుల చట్టంల ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంల వచ్చింది, 2016 చట్టం 21 రకాల వైకల్యాలల్ల ఒకటిగ గుర్తించింది. ఈ దేశంల ఆటిజంను కొలిచే కొలబద్ద, ఇండియన్ స్కేల్, ఎక్కడ తయారైందో తెలుసా? 1984ల సికింద్రాబాద్ల పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థల. 40 ప్రశ్నలు, ఆరు భాగాలు. అందుల ఒక భాగం పూర్తిగ ఈ చప్పుడు, తాకుడు, వాసన సంగతే. దేశానికంతా కొలబద్ద ఇచ్చిన గడ్డ మీద, ఆదిలాబాద్ బిడ్డో భద్రాచలం బిడ్డో మంచి థెరపీ కోసం ఇప్పటికీ సుమారు 300 కిలోమీటర్లు రావాల్సిందేనా? అంతా ఒక్కకాడ కుప్పపోసి మిగిలినోళ్లను ఎండబెట్టుడు మీదనే కదా మనం కొట్లాడింది. పది జిల్లాలు ముప్పై మూడైనయి. బోర్డులు మారినయి, బస్సు టికెట్టు మారలే.

మండలాలల్ల భవిత కేంద్రాలున్నయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసమే పెట్టినయి. అక్కడి టీచరు నెలకొక్కసారి నలుగురు పిల్లలను ఎంటబెట్టుకొని దగ్గరి షాపుకు పోయి కుర్సీల కూసోబెట్టి తీస్కరావచ్చు. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త బిల్డింగు అక్కర్లేదు. షాపాయనకు ఇచ్చే అరగంట పైసలు, ఆ టీచరుకు నెలనెలా టైముకు జీతం, పిల్లలకు ఆటో కిరాయి కావాలె. ఈ మూడింటికి బడ్జెట్ల ఒక పద్దు పెట్టుమని మీ మండలంల మీరు అడుగుర్రి, మేము ఇక్కడ అడుగుతం.