ఆ అయిదు నిమిషాలు టీచర్‌వే

డీఎస్సీకి చదువుతున్నారా? ప్రైవేటు స్కూల్లో చేరదామనుకుంటున్నారా? సైకాలజీ, మెథడాలజీ తిరగేసే ఉంటారు. క్లాసులో ఓ పిల్లాడికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? ఏ గైడులోనూ ఈ బిట్ కనిపించదు.

మన బడుల్లో చాలావాటిలో నర్సు ఉండరు. ఆ సమయానికి పక్కన ఉండేది మీరే. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అయిదు నిమిషాలు దాటిందంటే ప్రమాదమే, ఆలస్యమయ్యేకొద్దీ ఆపడం కష్టం. అందుకే కొందరు పిల్లలకు డాక్టర్లు మిడజోలమ్ స్ప్రే రాసిస్తారు. సూది అక్కర్లేదు, ముక్కులో కొడితే చాలు. ఇంట్లో అమ్మానాన్నలు చేసేదే ఇది. మరి బడిలో టీచర్ ఎందుకు చేయకూడదు?

కాలిఫోర్నియాలో దీనిపై పెద్ద గొడవే నడిచింది. అక్కడి మందు డయాస్టాట్, మలద్వారం ద్వారా ఇచ్చే జెల్. నర్సు లేనిచోట శిక్షణ పొందిన సిబ్బంది, ఇష్టమైతేనే, దాన్ని ఇవ్వొచ్చని 2011లో చట్టం చేశారు. స్కూలు నర్సులు, టీచర్ల సంఘాలు వద్దన్నాయి. వాళ్ల భయం కొట్టిపారేసేది కాదు. ఈ మందుతో ఊపిరి మందగించొచ్చు, దాన్ని పసిగట్టే కన్ను ఒక్కపూట శిక్షణతో రాదు. పైగా నర్సు పోస్టులు ఎత్తేయడానికి ఇదో సాకు కావచ్చు.

అయినా ఇవ్వడమే మేలంటాం. మోతాదు తేల్చేది టీచర్ కాదు, బిడ్డ బరువు చూసి డాక్టర్ ముందే రాసిస్తారు. ఆగని మూర్ఛ కూడా ఊపిరికి ముప్పే కదా! కాకపోతే డాక్టర్ చీటీ, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, శిక్షణ ఉండాలి. నావల్ల కాదన్నవారిని బలవంతపెట్టకూడదు. చట్టం అండా కావాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారికి సాయం చేస్తే మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కాపాడుతుంది. అది తరగతి గదికి వర్తించదు. టీచర్లకూ అలాంటి భరోసా ప్రభుత్వాలు రాసివ్వాలి.

ఈలోగా మీరు చేయగలిగింది చాలానే ఉంది. పిల్లాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, పళ్ల మధ్య చెంచా, ముక్కు దగ్గర ఉల్లిపాయ... ఇవేవీ వద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలైతే 108కి ఫోన్ చేయండి. మూర్ఛ రావడం అదే మొదటిసారైతే అంతసేపు కూడా ఆగొద్దు.

ఉద్యోగంలో చేరేరోజు జీతం, సెలవులతోపాటు హెచ్ఎంని ఇవీ అడగండి: ఫిట్స్ ఉన్న పిల్లలెవరు, వాళ్ల మందు ఏ బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది?