సోమవారం ఎసరు

మా ఊరి బడిలో వండే అక్క సోమవారం నాడు ఎసట్లో రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పోస్తుంది. ఎందుకమ్మా అంటే, ‘నిన్న బడి లేదు కదయ్యా, మారు అన్నం అడుగుతారు’ అంది. ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో ఆమెకు తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు. బడి చదువు చెబితే చాలు, ఈ అన్నాలూ కంటి పరీక్షలూ దానికెందుకనేవాళ్లు టీచర్ల భారం చూపిస్తారు. భారం నిజమే, కానీ ఎక్కణ్నుంచి వచ్చింది? 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను వేరే పనులకు వాడొద్దంటూనే జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయాలకు మినహాయింపు పెట్టింది. విపత్తు సంగతి సరే, మిగతా రెండూ సర్కారు అవసరాలే. ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని వీధులు తిరిగే మాస్టారు, నాలుగు రోజులుగా రాని పిల్ల గడప తొక్కితే మాత్రం అది అదనపు పని! నన్నడిగితే బడికి ఇంకా పనులు పెట్టాలి, మాస్టారికి కాదు. హాజరు పట్టీ చూసి తలుపు తట్టడానికి వేరే మనిషి కావాలి. ఆ కొలువుకు మా వంట అక్కను మించినవాళ్లు నాకు కనబడలేదు. ఇప్పుడు ఆమెకిచ్చేదాన్ని జీతమని కూడా అనరు, గౌరవ వేతనమంటారు.