ఇల్లు ఇక్కడ.. పొలం అక్కడ! మయన్మార్ సరిహద్దులో కంచె ఎవరిని ఆపుతుంది?

నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో లోంగ్వా అని ఓ ఊరుంది. కొన్యాక్ నాగాల ఊరు. అక్కడి పెద్దను అంగ్ అంటారు. భారత్-మయన్మార్ సరిహద్దు రేఖ సరిగ్గా ఆయన ఇంటి మధ్యలోంచి పోతుంది. అంగ్ గారు ఒక దేశంలో తిని, ఇంకో దేశంలో పడుకుంటారని అక్కడికి వెళ్లిన టూరిస్టులంతా సరదాగా చెప్పుకుంటారు. కానీ ఆ ఊరి జనానికి ఇప్పుడిది సరదా విషయం కాదు. ఎందుకంటే ఆ గీత మీద కంచె వేస్తామని కేంద్రం ప్రకటించింది.

మరి కంచె పడితే ఆ ఇల్లు ఏమవుతుంది? అవతలున్న పొలం సంగతేంటి? అటువైపు ఇచ్చిన ఆడపిల్లను చూసి రావాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి? ఇంకోవైపు, గేట్లు బార్లా తెరిచి పెడితే డ్రగ్స్, ఆయుధాలు, తీవ్రవాదుల మాటేంటి? ఈ రెండు ప్రశ్నల్లో ఏదీ కొట్టిపారేసేది కాదు. అందుకే విషయం అనుకున్నంత తేలిక కాదు.

అసలు ఈ స్వేచ్ఛ ఎక్కడిది?

మయన్మార్‌తో మనకు 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపుర్, మిజోరం.. ఈ నాలుగు రాష్ట్రాలను ఆనుకుని కొండలు, అడవుల మీదుగా సాగుతుంది. 1826లో బ్రిటిష్ వాళ్లకు, బర్మా రాజుకు మధ్య జరిగిన యాండబో సంధితో ఈ హద్దులకు పునాది పడింది. 1937లో బర్మాను బ్రిటిష్ ఇండియా నుంచి వేరు చేశారు. 1967లో రెండు దేశాలు సరిహద్దు ఒప్పందం చేసుకున్నాయి. ఇన్ని జరిగినా, గీత ఎక్కడ గీయాలో ఆ కొండల్లో ఉన్న వాళ్లను ఎవరూ అడగలేదు. నాగాలు, కుకీలు, మిజోలు, చిన్‌లు.. ఒకే వంశం వాళ్లు రెండు దేశాల పౌరులైపోయారు.

అందుకే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే వాళ్లకు మినహాయింపు ఇచ్చారు. మొదట్లో సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపల ఉండే గిరిజనులు పాస్‌పోర్ట్, వీసా లేకుండా అటూ ఇటూ తిరగొచ్చు. 1968లో పర్మిట్ పెట్టారు. 2004లో ఆ దూరాన్ని 16 కిలోమీటర్లకు తగ్గించారు. 2018లో ఈ ఏర్పాటును రెండు దేశాలు ఒప్పందంగా రాసుకున్నాయి. దీన్నే ఫ్రీ మూవ్‌మెంట్ రెజీమ్, పొట్టిగా ఎఫ్‌ఎంఆర్ అంటారు. ఏడాది చెల్లే బోర్డర్ పాస్ ఉంటే చాలు, ఒక్కసారి వెళ్తే రెండు వారాల దాకా ఉండొచ్చు.

గమనించారా? ఈ స్వేచ్ఛ నిన్నా మొన్నా ఒక్కసారిగా తగ్గలేదు. 40 నుంచి 16కి, ఊరికే తిరగడం నుంచి పర్మిట్‌కు.. ఒక్కో మెట్టు కుదిస్తూనే వచ్చారు.

మరి కేంద్రం ఎందుకు బిగించింది?

కారణాలు చిన్నవేం కాదు. 2015 జూన్‌లో మణిపుర్‌లోని చందేల్ జిల్లాలో తీవ్రవాదులు మాటు వేసి 18 మంది సైనికులను చంపేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మన కమాండోలు మయన్మార్ సరిహద్దులోని తీవ్రవాద శిబిరాల మీద దాడి చేశారు. దాడి చేసి అవతలికి జారుకోవడం ఈశాన్యంలోని తీవ్రవాద సంస్థలకు ఏళ్లుగా అలవాటు.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. అక్కణ్నుంచి అంతర్యుద్ధం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేలాది మంది మిజోరం, మణిపుర్‌లలోకి వచ్చారు. ఒక్క మిజోరంలోనే 30 వేల మందికి పైగా తలదాచుకున్నారు. ఇదే సమయంలో డ్రగ్స్ బెడద కూడా పెరిగింది. అఫ్గానిస్థాన్‌లో తాలిబన్లు నల్లమందు సాగును నిషేధించాక, 2023లో మయన్మార్ ప్రపంచంలోనే అతి పెద్ద నల్లమందు ఉత్పత్తిదారుగా నిలిచిందని ఐక్యరాజ్యసమితి లెక్క తేల్చింది.

2023 మే 3న మణిపుర్ భగ్గుమంది. మెయితీలు, కుకీల మధ్య హింసలో 250 మందికి పైగా చనిపోయారు. అక్రమ వలసలే ఈ గొడవకు మూలమని మెయితీ సంఘాలు అంటే, తమందరినీ బయటివాళ్లుగా ముద్ర వేస్తున్నారని కుకీలు మండిపడ్డారు. అప్పటి ముఖ్యమంత్రి బీరేన్ సింగ్ ఎఫ్‌ఎంఆర్‌ను ఎత్తేయాలని కేంద్రాన్ని కోరారు. 2024 ఫిబ్రవరి 6న మొత్తం 1,643 కిలోమీటర్లకూ కంచె వేస్తామని, రెండు రోజుల తర్వాత ఎఫ్‌ఎంఆర్‌ను రద్దు చేయాలని నిర్ణయించామని హోంమంత్రి అమిత్ షా ప్రకటించారు.

మిజోరం, నాగాలాండ్ ఒప్పుకోలేదు. కొద్ది వారాల్లోనే ఆ రెండు రాష్ట్రాల అసెంబ్లీలు దీనికి వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. ఒకే సరిహద్దు.. మణిపుర్ ప్రభుత్వానికి ముప్పులా కనిపిస్తే, మిజోరంకు అది చుట్టాలింటికి వెళ్లే దారి.

కొత్త రూల్స్ ఏంటి?

2024 డిసెంబర్‌లో కేంద్రం ఓ మధ్యే మార్గం తెచ్చింది. రాకపోకలు పూర్తిగా ఆపలేదు, కానీ బాగా బిగించింది. దూరం 16 నుంచి 10 కిలోమీటర్లకు తగ్గింది. గడువు ఏడు రోజులు. ఎక్కడ పడితే అక్కడ దాటడం కుదరదు, గుర్తించిన 43 పాయింట్ల దగ్గరే దాటాలి. అక్కడ అస్సాం రైఫిల్స్ వాళ్లు కాగితాలు చూసి, వేలిముద్రలు, ఫొటో తీసుకుని పాస్ ఇస్తారు. పోలీసుల తనిఖీ, ఆరోగ్య పరీక్ష కూడా ఉంటాయి. చుట్టాలను చూడ్డానికి, వైద్యానికి, చిన్నా చితకా వ్యాపారానికి.. ఇలాంటి పనులకు వెళ్లొచ్చు.

వినడానికి బాగానే ఉంది కదా? ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం.

1,643 కిలోమీటర్లకు 43 పాయింట్లు. అంటే సగటున 38 కిలోమీటర్లకు ఒకటి. సరిహద్దు పక్కనే ఉన్న మనిషికి కూడా దగ్గరి గేటు 19 కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. అదీ మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే. కొండ దారిలో అది ఒక రోజు నడక. ఎదురుగా కనిపిస్తున్న పొలానికి వెళ్లడానికి రోజంతా నడిచి గేటుకు చేరి, పాస్ తీసుకుని, మళ్లీ అంత దూరం అవతలి వైపు వెనక్కి నడవాలి. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకురావాలంటే? రూల్ ప్రకారం అనుమతి ఉన్నట్టే. చేతికి అందడమే కష్టం.

కంచెతో దొరికేది ఎవరు?

సరిహద్దు దాటే వాళ్లు ప్రధానంగా మూడు రకాలు. చుట్టపు చూపుకో, పొలం పనికో, వైద్యానికో వెళ్లే స్థానికులు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చేవాళ్లు. డ్రగ్స్, ఆయుధాలు తెచ్చే ముఠాలు.

స్థానికుడు గేటు దగ్గరికి వచ్చి వేలిముద్ర వేస్తాడు. శరణార్థి దగ్గర కాగితమే ఉండదు. బాంబులు పడుతుంటే రెసిడెన్స్ ప్రూఫ్ వెతుక్కుని ఎవరొస్తారు? 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు కాబట్టి, కాగితం లేకుండా వచ్చినవాళ్లను శరణార్థి అనాలా, చొరబాటుదారు అనాలా అన్నది ఏ ప్రభుత్వం ఎలా చూస్తే అలా మారిపోతుంది. ఇక స్మగ్లర్.. వాడు గేటు వైపే రాడు. అడవి దారి పడతాడు, లేదా లోపలున్న మనిషిని మేనేజ్ చేసుకుంటాడు. అంటే గేటు దగ్గరి తనిఖీలో ఎక్కువగా పట్టుబడేది అసలు దాచడానికి ఏమీ లేని మనిషే.

అలాగని కంచె దండగ అనీ చెప్పలేం. లోడు మోసుకొచ్చేవాణ్ని అది ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో గస్తీ దళం చేరుకోగలిగితేనే ఉపయోగం. కొండల్లో రోడ్డు, కెమెరా, మనుషులు లేకపోతే అది ఉత్త ఇనుప తీగే. మణిపుర్‌లోని మోరే దగ్గర 10 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మిగతాదంతా చాలా వరకు అంతకన్నా కష్టమైన చోటే వేయాలి.

బంగ్లాదేశ్ సరిహద్దు చూస్తే ముందు ఏం రాబోతోందో అర్థమవుతుంది. అక్కడ 4,096 కిలోమీటర్లలో సుమారు 3,200 కిలోమీటర్లకు కంచె ఉంది. చాలా చోట్ల గీతకు 150 గజాలు ఇవతల వేశారు. దాంతో కంచె అవతల చిక్కుకున్న పొలాలకు రైతులు కార్డు చూపించి, గేటు తెరిచే టైములోనే వెళ్లి రావాలి. మరో పక్క నేపాల్‌తో 1,751 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 1950 ఒప్పందం ప్రకారం అక్కడ పాస్‌పోర్ట్ అక్కర్లేదు, కంచె లేదు. సశస్త్ర సీమా బల్ కాపలా, నిఘా సమాచారంతోనే నడుస్తోంది. మన దేశమే పక్కపక్కనే రెండు పద్ధతులూ నడుపుతోందన్న మాట.

మనకేంటి సంబంధం?

ఎక్కడో మణిపుర్‌లో గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. ఒక్కసారి 1942కి వెళ్దాం. అప్పట్లో రంగూన్ రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన వాళ్లలో తెలుగువాళ్లు చాలా మంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారు కాబట్టి అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచేవారు. జపాన్ బాంబులు పడగానే లక్షల మంది భారతీయులు కాలినడకన బయల్దేరారు. అందులో ఓ ముఖ్యమైన దారి తము మీదుగా ఇంఫాల్‌కు, అక్కణ్నుంచి దీమాపూర్‌కు. ఇప్పుడు కంచె వేసిన మోరే ఉన్నది ఆ దారిలోనే. ఆ నడకలో ఆకలితో, రోగాలతో ఎందరో రాలిపోయారు. బతికి వచ్చిన వాళ్లను ఆ గీత దగ్గర పాస్ అడిగి ఉంటే? విశాఖలో బర్మా క్యాంప్ పేరు వినే ఉంటారు. బర్మా నుంచి వచ్చినవాళ్ల జ్ఞాపకం ఆ పేరులో ఇంకా ఉంది.

ఇంకో ఉదాహరణ మొన్నటిదే. ఉద్యోగమని నమ్మి థాయ్‌లాండ్ వెళ్లిన మన కుర్రాళ్లను ఏజెంట్లు నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ సైబర్ మోసాల క్యాంపుల్లో పడేశారు. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చిన 549 మందిలో తెలుగు రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు. ఎయిర్‌పోర్టులో కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మోసం జరిగింది ఎవరూ చూడని సరిహద్దులో. అంటే కాపలా అవసరమే. కాకపోతే అది కాగితాన్ని కాదు, నేరాన్ని వెతకాలి.

మరి దారేంటి?

భద్రతా, స్వేచ్ఛా.. ఏదో ఒకటే ఎంచుకోవాలన్న పరిస్థితి ఇక్కడ లేదు. గేట్ల సంఖ్య పెంచొచ్చు. పొలం అవతలున్న ఊళ్లకు రోజువారీ గేటు ఇవ్వొచ్చు. ప్రాణం మీదికొచ్చిన రోగిని ముందు పంపి, కాగితాలు తర్వాత చూడొచ్చు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ల వివరాలు నమోదు చేసుకుని, నేరం చేసిన వాళ్లను వేరుగా చూడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కొండల్లో కొత్త మనిషి ఎవరొచ్చినా ముందు తెలిసేది ఊరి వాళ్లకే. వాళ్లు మన వైపు ఉంటే ప్రతి ఊరూ ఒక చెక్‌పోస్టే. వాళ్లనే అనుమానించి దూరం చేసుకుంటే, ఎంత ఎత్తు కంచె వేసినా సమాచారం ఇచ్చేవాడు మిగలడు.

లోంగ్వాలో అంగ్ గారి ఇల్లు ఇప్పటికీ రెండు దేశాల్లోనూ ఉంది. కంచె ఆ ఇంటి దాకా వచ్చిన రోజు అధికారులు ఏం చేస్తారన్నది, మొత్తం 1,643 కిలోమీటర్ల మీద ఏం జరగబోతోందో చెప్పేస్తుంది.