దెబ్బ తగిలాక కన్నెర్రబడితే కళ్లకలకేనా?

ఒక యువకుడు మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడనుకుందాం. తలకు దెబ్బ తగిలింది. కుట్లు విప్పారు, ఇంటికి వచ్చాడు, గండం గడిచిందని అందరూ దేవునికి స్తోత్రాలు చెల్లించారు. కొద్ది రోజులకు ఒక కన్ను ఎర్రబడి ఉబ్బింది. ఒకటే వస్తువు రెండుగా కనబడుతోంది. చెవిలో గుండె కొట్టుకున్నప్పుడల్లా ‘హుష్‌’ మని హోరు. ఇంట్లోవాళ్లు కళ్లకలక అనుకొని చుక్కల మందు వేస్తారు. ఇక్కడే ప్రమాదం ఉంది.

మెదడుకు రక్తం తీసుకువెళ్లే కెరోటిడ్ ధమని కంటి వెనుక, పుర్రె అడుగున, సిరల గూడు మధ్య నుంచి వెళ్తుంది. ఆ ఎముక విరిగితే ధమనికి చిల్లి పడవచ్చు. పెద్ద కాలువకు గండిపడితే నీరు పక్క బోదెలోకి దూకినట్లు, రక్తం సిరల్లోకి దూకి కంటి వైపు ఎగదన్నుతుంది. ఆలస్యమైతే చూపు పోతుంది, ఒక్కొక్కసారి మెదడులో రక్తస్రావం కూడా జరుగుతుంది.

పుర్రె తెరవకుండానే దీనికి చికిత్స ఉంది. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గండి పూడుస్తారు. 1970లలో మాస్కో వైద్యుడు సెర్బినెంకో ఇందుకు చిన్న బెలూన్లు వాడారు. తరువాత ప్లాటినం తీగచుట్టలు వచ్చాయి. మరొక సాధనం, పొర తొడిగిన స్టెంటు. మామూలు స్టెంటు జల్లెడ వంటిది. దానికి పలుచని పొర తొడిగితే చిల్లి మూసుకుంటుంది, ధమని తెరిచే ఉంటుంది.

అయితే ఇది అందరికీ తగదు. వంకర టింకర ధమనిలో దానిని ఎక్కించడం కష్టం. చిల్లి పక్కనే కంటికో మెదడుకో వెళ్లే చిన్న కొమ్మ ఉంటే, ఆ పొర దానినీ మూసేయవచ్చు. చాలామందికి తీగచుట్టలే చాలు. కొత్తదే, ఖరీదైనదే మేలని డాక్టరును ఒత్తిడి చేయడం మంచిది కాదు.

నా అభిప్రాయంలో మన లోటు స్టెంటు దగ్గర లేదు, దానికి ముందూ వెనుకా ఉంది. ముందు చేయవలసింది, కన్ను ఎర్రబడిన రోజే కంటి డాక్టరుకు తలదెబ్బ సంగతి చెప్పి చూపించడం. వెనుక చేయవలసింది, స్టెంటు వేసిన తరువాత ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు చెప్పినంతకాలం వాడడం. ‘బాగానే ఉన్నాడుగా’ అని మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా ముందు స్టెంటు వేసిన డాక్టరును అడగాలి.

మంచి సమరయుడు దారిలో పడినవానికి గాయాలు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఖర్చు ఇచ్చాడు, మరల వస్తానన్నాడు. మన ఇంట్లో దెబ్బతిన్నవానికి మనం చేయవలసిన పరిచర్య కూడా అదే. ఇక బండి ఎక్కేవారు హెల్మెట్ పెట్టుకుంటే ఈ చికిత్స అవసరం చాలావరకు రానేరాదు.